మురుగుకాలువ ఎవరిది? – కోనసీమ స్థానిక సంస్థలూ, మారుతున్న వాతావరణమూ

మనం ఉద్యోగాలు చేసిన రోజుల్లో ‘వాతావరణ మార్పు’ అనే మాట ఏ ఫైలులోనూ కనబడేది కాదు. తుఫాను, ముంపు, గండి, శిస్తు రెమిషన్, నష్టపరిహారం - ఇవే మనకు తెలిసిన మాటలు. రెవెన్యూలో చేసినవారు అజమాయిషీకి వెళ్ళి మునిగిన చేలు లెక్కగట్టారు. ఇరిగేషన్‌లో చేసినవారు ఇసుక బస్తాలు వేయిస్తూ ఏటిగట్ల మీద రాత్రుళ్ళు గడిపారు. పంచాయతీరాజ్‌లో చేసిన నాబోటివారు బళ్ళలో పునరావాస కేంద్రాలు తెరిచి పులిహోర పొట్లాలు పంచారు. ఆ బళ్ళ తాళంచెవులు జేబులో వేసుకుని ఉపాధ్యాయ మిత్రులు కాపలా ఉన్నారు. ఇప్పుడు ఇదంతా కలిపి కొత్త పేరుతో పిలుస్తున్నారు. స్థానిక సంస్థలు దీన్ని ఎలా ఎదుర్కోవాలని సదస్సులు జరుపుతున్నారు. మంచిదే. అయితే మన కోనసీమకు సంబంధించినంతవరకు ఈ ప్రశ్న కొత్తది కాదనీ, దీనికి నూట యాభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉందనీ, ఆ చరిత్రలో సగానికి పైగా ఒక్క వస్తువు చుట్టూనే తిరిగిందనీ నా అభిప్రాయం. ఆ వస్తువు మురుగుకాలువ.

మన సంఘ సభ్యులకు కోనసీమ భూమి స్వభావం చెప్పనక్కరలేదు. పిల్లల దగ్గరకు వెళ్ళినప్పుడు ఈ సంచిక వెంట తీసుకుపోతారు గనుక, హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఉన్న మనవల కోసం నాలుగు మాటలు రాస్తాను. గౌతమికీ వశిష్ఠకూ మధ్య, కింద బంగాళాఖాతం హద్దుగా ఉన్న లంక ఇది. మధ్యలో వైనతేయ చీల్చుకుపోతుంది. డెల్టాలో నది పల్లంలో ఉండదు, మెరకలో ఉంటుంది. ఏటేటా ఒండ్రు పోసి తన గట్లను తానే ఎత్తు చేసుకుంటుంది. పంట కాలువలు కూడా మెరకనే పట్టుకుని సాగుతాయి, అప్పుడే చేలకు నీరు దిగుతుంది. చేలోంచి దిగిన నీరు, వాన నీరు, ఊరి నీరు మధ్య పల్లానికి చేరి అక్కడి నుంచి మురుగుకాలువ పట్టుకుని ఏదో ఒక నదీపాయలోనో, సముద్రపు మొగలోనో కలవాలి. మా అంబాజీపేట ప్రాంతానికి అలాంటి కాలువ కౌశిక. అంబాజీపేట అనగానే కొబ్బరి మార్కెట్టు, కురిడీలు, పనసాకు బుట్టల్లో ఉడికే పొట్టిక్కలు అందరికీ గుర్తొస్తాయి. కౌశిక మాత్రం ఏడాదికి ఒక్కరోజు, కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ప్రభలు ఆ నీళ్ళలోంచి భుజాల మీద దాటినప్పుడు, పేపర్లో ఫోటో ఎక్కుతుంది. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ అది మురుగుకాలువే.

ఈ కాలువలు దిగువన సముద్రపు పోటుపాట్ల మీద ఆధారపడి పనిచేస్తాయి. పోటు వచ్చినంతసేపు నీరు కదలదు, ఒక్కోసారి వెనక్కి కూడా తంతుంది. పాటు వేళ మాత్రమే దిగుతుంది. కాలువ అడుగున మేట వేసినా, గుర్రపుడెక్క అల్లుకున్నా, మొగ దగ్గర ఇసుక దిబ్బ అడ్డం పడినా ఆ దిగే కాస్త వేళ కూడా పోతుంది. వరి మూడు నాలుగు రోజులు మునక తట్టుకుంటుంది. ఆ గడువు దాటితే చేను పోయినట్లే. కొబ్బరి మరికొంత ఓర్చుకుంటుంది గాని, వేళ్ళ దగ్గర ఉప్పునీరు నిలిస్తే మొవ్వు వాడి, నెమ్మదిగా చస్తుంది. ఈ రెండు సంగతులు గుర్తుంచుకుంటే తర్వాత చెప్పబోయే చరిత్ర అంతా సులభంగా అర్థమవుతుంది.

గోదావరి ముఖద్వారాలకు తుఫాన్లు కొత్తకాదు. 1789 డిసెంబరులోనూ 1839 నవంబరులోనూ గౌతమి అవతలి ఒడ్డున కోరంగి రేవును ఉప్పెన తుడిచిపెట్టింది. 1839 నాటి మృతులు మూడు లక్షలని పుస్తకాల్లో రాస్తారు. ఆ అంకెను నమ్మనివారూ ఉన్నారు. ఏది ఏమైనా ఆ రేవు మళ్ళీ కోలుకోలేదు. కలకత్తాలో ఉండి బంగాళాఖాతపు గాలివానల లెక్కలు కూర్చిన హెన్రీ పిడింగ్టన్ 1848లో ‘సైక్లోన్’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. సరిగ్గా ఆ ఏళ్ళలోనే ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కడుతున్నాడు. 1847లో మొదలై 1852కు పూర్తయింది. గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడక్టు కట్టి నగరం లంకకు సైతం నీరు దాటించారు. కరువు సీమ అన్నపూర్ణ అయింది. కాటన్ విగ్రహానికి దండ వేయని ఊరు మన డెల్టాలో లేదు, వేయడం న్యాయం కూడా. కాని నీరు తెచ్చినంత శ్రద్ధగా నీరు తీయడం గురించి ఆ తొలి రోజుల్లో ఆలోచించలేదు. సహజంగా ఉన్న కోళ్ళనూ పల్లాలనూ డ్రెయిన్లుగా వాడుకున్నారు. డ్రెయిన్ల పని పంట కాలువల పని కంటే వెనకే నడిచింది, ఇప్పటికీ వెనకే నడుస్తున్నది.

ఆనకట్టకు ముందు నుంచీ ఊళ్ళలో కుడిమరామత్తు అనే ఆచారం ఉండేది. చెరువుగట్టుకూ బోదెలకూ ఏటా ఊరివాళ్ళు ఇంటికింతమంది చొప్పున వెళ్ళి పూడిక తీసేవారు. కంపెనీ ప్రభుత్వం తన చివరి రోజుల్లో, 1858లో, మద్రాసు కంపల్సరీ లేబర్ చట్టం చేసింది. గట్టు తెగే ప్రమాదం వచ్చినప్పుడు ఊరి పెద్ద జనాన్ని పిలిచి పని చేయించవచ్చు. ఆచారం ప్రకారం చేయవలసిన మరామత్తు ఎగ్గొట్టినవాడి నుంచి ఆ పని విలువకు రెట్టింపు రాబట్టవచ్చు. ఈ కుడిమరామత్తును మన గ్రామ స్వరాజ్యానికి ఆనవాలుగా పొగిడే వ్యాసాలు చాలా చదివాను. అంత పొగడనక్కరలేదు. భూమి ఒకరిది, పార పట్టిన చెయ్యి మరొకరిది. ఆ ‘ఊరివాళ్ళు’ అనే మాట కింద నీళ్ళలో దిగింది ఎక్కువగా ఎవరో మనకు తెలుసు. అయితే అందులో ఒక్క విషయం మాత్రం నిజం. కాలువ పూడితే అడగవలసిన మనిషి ఊళ్ళోనే ఉండేవాడు.

ఆ తర్వాత జరిగినదాన్ని ఒక పంపకంగా చెప్పవచ్చు. నీటి పనులన్నీ పబ్లిక్ వర్క్స్ శాఖకు పోయాయి. 1871 లోకల్ ఫండ్స్ చట్టం, 1884 లోకల్ బోర్డుల చట్టం వచ్చి జిల్లా బోర్డు, తాలూకా బోర్డు ఏర్పడ్డాయి. వాటికి రోడ్లు, బళ్ళు, ఆసుపత్రులు, పారిశుధ్యం అప్పగించారు. అమలాపురం తాలూకాలో మనం చదువుకున్న పాత బోర్డు స్కూళ్ళు ఆ చట్టాల సంతానమే. రోడ్డు ఒకరిది, కాలువ ఇంకొకరిది అయిపోయింది. రోడ్డు వేసినవాడు తూము చిన్నది పెడితే నష్టం డ్రెయినుది. డ్రెయిను గట్టు జారితే నష్టం రోడ్డుది. ఇద్దరూ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు. ఈ ఉత్తర ప్రత్యుత్తరాల వ్యవస్థ తాలూకా బోర్డులు 1934లో పోయినా పోలేదు. 1950 మద్రాసు గ్రామ పంచాయతీల చట్టం వచ్చినా, 1959లో పంచాయతీ సమితులు వచ్చినా, 1964లో మన రాష్ట్రపు గ్రామ పంచాయతీల చట్టం వచ్చినా అలాగే నిలిచింది. మన తరం ఉద్యోగులందరం ఆ ఉత్తరాలు టైపు చేయించినవాళ్ళమే.

1960ల నడుమ కృష్ణా గోదావరి డెల్టాల్లో వరుసగా ముంపులు వచ్చాక మురుగు సమస్యను ప్రత్యేకంగా చూడటానికి మిత్రా కమిటీని వేశారు. డ్రెయిన్లను వెడల్పు చేయాలనీ, లోతు చేయాలనీ, మొగల వద్ద నేరుగా సముద్రంలోకి కోత పెట్టాలనీ అప్పుడు గట్టిగా చర్చకు వచ్చింది. దానికి డబ్బు కావాలి గనుక 1968లో డ్రైనేజి సెస్సు చట్టం చేశారు. 1985లో కృష్ణా, గోదావరి, పెన్నా డెల్టాలకు కలిపి మళ్ళీ ఒక సెస్సు చట్టం తెచ్చారు. రైతు ఎకరానికింత అని శిస్తుతోపాటు చెల్లించాలి. వసూలు చేసినవారు కొందరు మన సభ్యుల్లో ఉన్నారు, రైతులు ఏమనేవారో వారే బాగా చెప్పగలరు. ‘సెస్సు కడుతున్నాం, గుర్రపుడెక్క మాత్రం అలాగే ఉంది’ అన్నదే సారాంశం. ఆ మాటలో న్యాయం ఉంది. సెస్సు ఇచ్చే రైతు పేరు అడంగల్లో ఉండేది, ఆ సెస్సు ఏ డ్రెయిను మీద ఏ ఏడాది ఎంత ఖర్చయిందో మాత్రం అతని పంచాయతీలో ఎవరూ చెప్పలేకపోయేవారు. పన్ను స్థానికం, ఖర్చు స్థానికం కాదు.

1980 దశకంలో గ్రామ పాలన మొత్తం తలకిందులైంది. 1984 జనవరిలో మునసబు, కరణాల వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాలు, ఫిర్కాలు పోయి మండలాలొచ్చాయి. అంబాజీపేట మండలం అయింది. 1987 నాటికి సమితుల స్థానంలో మండల ప్రజాపరిషత్తులు పనిలోకి దిగాయి. ఇంతలో 1986 ఆగస్టు గోదావరి వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదను మించినది మన జ్ఞాపకంలో లేదు. ఏటిగట్లకు గండ్లు పడ్డాయి, లంకలు మునిగాయి. కరణాల వ్యవస్థ మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. కాని ఏ బోదె ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో, ఏ తూము ఎవరి తాత కాలంలో వేసిందో నోటిమీద చెప్పగలిగిన మనిషి ఆ రద్దుతో పోయాడు. ఆ వివరం కాగితం మీదికి ఎక్కించే పని ఎవరూ చేయలేదు.

ఇక 1996. దీనిమీద కొంచెం ఎక్కువ రాయక తప్పదు. నవంబరు 6, బుధవారం, దీపావళికి నాలుగు రోజుల ముందు. రాత్రివేళ కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన ఆ తుఫాను కోనసీమను అడ్డంగా కోసుకుంటూ పోయింది. వేయిమందికి పైగా చనిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకారుల పల్లెలకు పట్టిన గతి మనకు తెలుసు. వేటకు వెళ్ళిన పడవలు తిరిగి రాలేదు. పైప్రాంతపు ఊళ్ళలో ఉప్పెన లేదు, గాలే. లక్షల కొబ్బరిచెట్లు కొన్ని మొదళ్ళతో పెళ్ళగిలి, కొన్ని నడుముకు విరిగి, అన్నీ ఒకే దిక్కుకు తలపెట్టి పడుకున్నాయి. తెల్లవారాక ఊరికీ ఊరికీ మధ్య దారి లేదు. కరెంటు స్తంభాలు చెట్ల కింద ఉన్నాయి. అప్పటికి కొత్త పంచాయతీరాజ్ చట్టం కింద 1995లో ఎన్నికైన సర్పంచులకు ఏడాదిన్నర అనుభవం కూడా లేదు. గొడ్డళ్ళు, రంపాలు పట్టుకుని దారి తీసింది ముందు ఊరివాళ్ళే. మంచినీటికి కొబ్బరిబొండాలే దిక్కయిన ఊళ్ళున్నాయి.

చెట్లు పడ్డదాన్ని లోకమంతా చూసింది. అంతగా కనబడనిది ఇంకొకటి ఉంది. పడ్డ చెట్లలో ఎన్నో బోదెల్లో, మురుగుకాలువల్లో పడ్డాయి. మొవ్వులు, కమ్మలు, డొక్కలు కొట్టుకొచ్చి తూముల దగ్గర అడ్డుకట్టలు కట్టాయి. రోడ్డు మీద చెట్టు తీయడానికి డబ్బు మంజూరవుతుంది, కాలువలో చెట్టు తీయడం ఎవరి పద్దులో రాయాలో తేలదు. తుఫానులో గాలి ఒక్క రాత్రే ఉంటుంది. నీరు ఎన్నాళ్ళు ఉంటుందన్నది ఆ కాలువలు తేలుస్తాయి. కొబ్బరి మళ్ళీ వేస్తే పొడుగు రకాలు కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఆరేడేళ్ళలో తోటలు అమ్ముకున్నవారు, చెరువులు తవ్వించుకున్నవారు, పిల్లల్ని దుబాయి, మస్కట్ పంపినవారు ఎందరో. కోనసీమ ఇళ్ళ స్వరూపం మారడానికి ఆ తుఫాను ఒక ముఖ్య కారణమని నేను నమ్ముతాను.

చెరువుల మాట వచ్చింది గనుక ఒక ముక్క. తుఫాను వచ్చిన నెల తిరిగేసరికి, 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువుల మీద పెద్ద తీర్పు ఇచ్చింది. 1991 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషను పరిధిలోని చెరువులు తొలగించాలంది. తర్వాత 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది, చెరువులు వేరే రూపంలో కొనసాగాయి. చెరువు తవ్వినవాడు మట్టి గట్టు వేస్తాడు. ఆ గట్టు పక్క చేను నీటికి ఆనకట్టవుతుంది. చెరువు ఉప్పునీరు వదిలేది కూడా ఆ మురుగుకాలువలోకే. దీని అనుమతులు ఇచ్చే కమిటీలు జిల్లాలో, రాష్ట్రంలో ఉన్నాయి. కొట్లాటలు మాత్రం పంచాయతీ అరుగు మీద జరుగుతాయి.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది, మన రాష్ట్ర చట్టం 1994లో వచ్చింది. పదకొండవ షెడ్యూలులో 29 అంశాలు రాశారు. చిన్న నీటిపారుదల ఉంది, భూమి అభివృద్ధి ఉంది, గ్రంథాలయాలున్నాయి, సంతలూ తీర్థాలూ ఉన్నాయి. వరద, తుఫాను అనే మాటలు ఆ 29లో లేవు. 2005 విపత్తు నిర్వహణ చట్టంలో స్థానిక సంస్థలకు విధులు రాశారు, అందుకు వేరే నిధి రాయలేదు. ఇటు 1997లో నీటి సంఘాల చట్టం వచ్చి, కాలువల బాధ్యత రైతుల సంఘాలకు ఇచ్చింది. మొదటి నాలుగైదేళ్ళు ఊళ్ళలో నిజంగా పూడిక తీసిన సంఘాలను చూశాం. తర్వాత ఎన్నికలు సకాలంలో జరగక కొన్నేళ్ళు అవి కాగితం మీదే మిగిలాయి. 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు జరిగాయి. నీటి సంఘం సభ్యులు రైతులు. పల్లపు వాడలో ఇల్లు మునిగే కూలీ సభ్యుడు కాడు. పంచాయతీకి అతను ఓటరు, కాని కాలువ పంచాయతీది కాదు. ఈ చిక్కును ఇంతవరకు ఏ చట్టమూ విప్పలేదు.

వాతావరణం మారుతోందా అంటే, శాస్త్రజ్ఞులు చెప్పేది స్పష్టంగానే ఉంది. 1901 నుంచి 2018 లోపల ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు, అంటే జానెడు దాకా పెరిగింది. ఆ పెరిగే వేగం కూడా ఎక్కువవుతోంది. జానెడే కదా అనిపిస్తుంది. కాని పాటు వేళ మాత్రమే దిగే మురుగుకాలువకు ఆ జానెడు చాలా ఎక్కువ, దిగే వేళ అంతకంతకు తగ్గిపోతుంది. పైగా ఎగువన ఆనకట్టలు ఎక్కువై గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గిందనీ, అందువల్ల డెల్టా అంచు కోసుకుపోతున్నదనీ ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎప్పటినుంచో రాస్తున్నారు. అంతర్వేది వెళ్ళినవారికి పరిశోధన అక్కరలేదు, కళ్ళు చాలు. వానలు కూడా తక్కువ రోజుల్లో ఎక్కువ కురుస్తున్నాయి. 2022లో గోదావరి ఆగస్టు దాకా ఆగకుండా జూలైలోనే 25 లక్షల క్యూసెక్కులు దాటించింది. ఎండల సంగతి వేరే చెప్పనక్కరలేదు. వాటికి చలివేంద్రాలు, బడి వేళల మార్పు వంటివి పంచాయతీలు, మండలాలు కొంతవరకు చేస్తూనే ఉన్నాయి.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి లక్ష ఎకరాల దాకా బీడు పెట్టారు. దేశమంతా ఆశ్చర్యపోయింది. ధర, కూలి రేట్లు కారణాలుగా పత్రికలు రాశాయి, అవి నిజమే. ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ ముందు రైతులు చెప్పిన కష్టాల్లో ముంపు కూడా ఉంది. 2022లో మళ్ళీ విరామం మాట వచ్చినప్పుడు డ్రెయిన్ల పూడిక గురించి ఇంకా బిగ్గరగా వినబడింది. వర్షం కురిసి చేను పోయిందంటే అది దైవికం అనుకుంటాడు రైతు. ఏటా అదే చేను, అదే మూల, అదే తూము దగ్గర పోతుంటే దైవాన్ని అనడు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం ప్రాంతంలో తీరం దాటింది. 1996తో దీన్ని పోల్చి మనవాళ్ళు చాలా మెచ్చుకున్నారు. రెండింటి బలమూ ఒకటి కాదు, 1996 గాలి దీనికంటే ఎన్నో రెట్లు భీకరం. ఆ తేడా తీసేసినా మెచ్చుకోవలసింది మిగులుతుంది. ముందు హెచ్చరిక సరిగా వచ్చింది, జనాన్ని ముందే తరలించారు. 2019లో పెట్టిన గ్రామ సచివాలయాల సిబ్బంది ఊళ్ళలోనే ఉన్నారు. ప్రాణనష్టం చాలా తక్కువ. 1977 దివిసీమ ఉప్పెనలో పదివేల దాకా పోయిన నాటి నుంచి ఇది ఎంత దూరం! తుఫాను షెల్టర్లు, రేడియో, రాడార్లు, సెల్‌ఫోన్లు, వీటన్నిటికీ ఇందులో పాలుంది. మనుషుల్ని కాపాడటం నేర్చుకున్నాం. మొంథా తర్వాత కూడా చేలల్లో నీరు మాత్రం పాత పద్ధతిలోనే నిలిచింది.

స్థానికంగా ఏదీ సాధ్యం కాదని నిరుత్సాహపడనక్కరలేదని చెప్పడానికి అంబాజీపేటలోనే ఒక ఉదాహరణ ఉంది. మన కొబ్బరి పరిశోధనా కేంద్రం. ‘గోదావరి గంగ’ సంకరరకం అక్కడిదే. 2016లో మన దేశానికి కొత్తగా వచ్చిన సర్పిలాకార తెల్లదోమ గోదావరి తోటలకు పాకినప్పుడు, విషపు మందులు కొట్టి లాభం లేదని వాళ్ళు ఐసేరియా అనే శిలీంధ్రాన్ని పెంచి రైతులకిచ్చారు. తోటలో మేలు చేసే పురుగులను కాపాడుకోమన్నారు. పొడి ఎండలు సాగితే ఈ దోమ విజృంభిస్తుంది, గట్టి వానకు తగ్గుతుంది. వాతావరణంతో ముడిపడ్డ బెడద అన్నమాట. ఊరి దగ్గరున్న సంస్థ, ఊరి చెట్టును రోజూ చూసే మనిషి, రైతు ఇంట్లో చేసుకోగల మందు - ఈ మూడూ ఉన్నాయి గనుక అది సాగింది. డ్రెయినుకు అలాంటి ఊరి సంస్థ లేదు.

ఇతర దేశాల మాట చెప్పాలంటే నాకు హాలండు గుర్తొస్తుంది. వాళ్ళు మనకు పరాయివాళ్ళు కూడా కాదు. పాలకొల్లులో, కాకినాడ జగన్నాథపురంలో, ద్రాక్షారామంలో వ్యాపారం చేసి 1825లో ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్ళిన వలందావాళ్ళే. వాళ్ళ దేశంలో సగం మన పల్లపు భూమి లాంటిదే. అక్కడ పదమూడో శతాబ్దం నుంచి నీటికోసమే ప్రత్యేక స్థానిక సంస్థలున్నాయి. ఈనాడు 21 ఉన్నాయి. వాటికి సొంత ఎన్నికలు, సొంత పన్ను. రైతే కాదు, ఇల్లున్నవాడూ ఓటు వేస్తాడు, పన్ను కడతాడు. సంస్థ హద్దు ఊరి హద్దు కాదు, నీరు పారే హద్దు. మన దేశంలో కేరళ వయనాడులోని మీనంగాడి పంచాయతీ 2016 నుంచి కర్బన ఉద్గారాలు తగ్గించే పనికి పూనుకుని చెట్ల పెంపకం మీద మంచి పేరు తెచ్చుకుంది. మనవాళ్ళు దాన్ని చూసి మొక్కలు నాటే కార్యక్రమాలు పెడుతుంటారు, పెట్టనివ్వండి. కొబ్బరితోటల మధ్య మొక్క నాటి ఫోటో దిగడం కోనసీమ పంచాయతీ చేయవలసిన మొదటి పని కాదని మాత్రం నేనంటాను.

మొదటి పని లెక్క. ఒక్కో పంచాయతీలో ఎన్ని బోదెలు, ఎన్ని తూములు, ఏది ఎంత వెడల్పు, ఎక్కడ మెరక వేసి కప్పేశారు, కిందటి ముంపులో నీరు ఏ గీత దాకా వచ్చి ఎన్ని రోజులు నిలిచింది - ఇది ఒక రిజిస్టరులో ఉండాలి. దీనికి జీవో అక్కరలేదు, రూపాయి ఖర్చు లేదు. మన సంఘంలో పని తెలిసిన సర్వేయర్లు, ఓవర్సీయర్లు, లాకు సూపరింటెండెంట్లు ఇంకా ఓపికతో ఉన్నారు. రెండోది పంచాయతీ చేతిలో ఉన్న అధికారమే. పల్లపు చేలను మెరక చేసి ఇళ్ళస్థలాలు వేసేటప్పుడు బోదెను వదిలారా లేదా చూడటం, రోడ్డు వేసేటప్పుడు తూము తగ్గించకుండా చూడటం, ఊరి చెత్త కాలువ గట్టున పోయకపోవడం. లేఅవుట్ల దగ్గర ఈ పని ఎందుకు జరగదో అందరికీ తెలుసు, రాయడం అనవసరం. మూడోది కష్టమైనది. కౌశిక వంటి ఒక్కో డ్రెయిను వెంట ఉన్న పంచాయతీలన్నీ, నీటి సంఘాలూ కలిసి ఒకే కమిటీగా ఏర్పడి, డ్రెయిన్ల శాఖ ఇంజనీరు వారికి జవాబు చెప్పేలా ఉండాలి. దీనికి చట్టం కావాలి, కొంత డబ్బు కావాలి. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే కట్టిపెట్టింది. మిగిలినదానిలో కరెంటు బిల్లులు పోగా గుర్రపుడెక్కకు మిగిలేది తక్కువ. సెస్సు మళ్ళీ వేయమంటే రైతులు నన్ను తిడతారు. ఆ సెస్సు తమ డ్రెయిను కమిటీ ఖాతాలోనే పడి, ఖర్చు పంచాయతీ గోడ మీద రాసి ఉంటే తిట్టరని నా నమ్మకం.

ఎగువ ఊళ్ళకు, దిగువ ఊళ్ళకు తగవు వస్తుందని కొందరు మిత్రులు అంటారు. వస్తుంది, ఇప్పుడూ ఉంది. ఎగువ ఊరు కాలువ తవ్వుకుంటే నీరు త్వరగా దిగి దిగువ ఊరిని ముంచుతుంది. అందుకే పని మొగ దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. మన దగ్గర ఎప్పుడూ ఎక్కడ పలుకుబడి ఉంటే అక్కడ మొదలవుతుంది. రాజోలు దీవిలో శంకరగుప్తం మేజర్ డ్రెయిను సంగతే చూడండి. దిగువన సముద్రపు నీరు ఎదురెక్కి ఆ డ్రెయిను చుట్టుపక్కల కొబ్బరితోటల్లో నిలిచి, చెట్లు తలలు రాలి మోడులయ్యాయి. ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టారు. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి కేశనపల్లి వచ్చినప్పుడు రైతులు ఆయనను తోటల్లోకి తీసుకువెళ్ళి ఆ మోడులను చూపించారు. అక్కడి రైతులు అడిగింది నష్టపరిహారం ఒక్కటే కాదు, డ్రెయిను బాగుచేసి ఉప్పునీరు ఎదురెక్కకుండా చూడమని. ఆ నీరు వైనతేయ దాటి అంబాజీపేట దాకా రావడానికి ఇంకా చాలా దూరం ఉంది. ఈలోగా కౌశిక మీద తూముల లెక్క రాయడానికి వచ్చే సంఘ సమావేశంలో పేర్లు ఇవ్వగలిగినవారు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. వేసవిలో కాలువలు కట్టేశాక, ఉదయం పూట ఎండ ఎక్కకముందు నడిస్తే వారం పదిరోజుల్లో అయ్యే పని.